చింతచెట్టు కింద పడుకుని వేపచెట్టు కింద లేచాను

మా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, ఒక ఎద్దులబండి మూడు రోజులు నా వెంట పడింది...

అంతకు ముందు ఏడాది నాకు విషజ్వరం వచ్చింది. బతకనని అందరూ ఆశ వదిలేసుకున్నారట. అప్పుడు మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, అహోబిలం స్వామికి మొక్కుకుంది. "బిడ్డను బతికించు స్వామీ... దాని కాళ్ళతోనే నడిపించుకోనొచ్చి నీకు చూపిస్తా" అని. నేను బతికాను. ఫాల్గుణంలో తిరునాళ్ళకు ప్రొద్దుటూరు పక్కనున్న మా ఊరి నుంచి పదిహేను మందిమి బయలుదేరాం. మూడు రోజుల నడక.

సామాన్లకూ, నడవలేని ముసలివాళ్ళకూ ఒక బండి. తోలేది ఓబులేసన్న. మంచివాడే... కానీ పొద్దున్నుంచీ ఒకటే పాట. "ఎక్కు పాపా, కాళ్ళు నొస్తాండాయా?"

నా కాళ్ళ సంగతి ఆయనకెందుకు? ఎక్కితే మొక్కు తప్పుతుంది. మొక్కు తప్పితే జ్వరం మళ్ళీ వస్తుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనే తేల్చుకున్నాను.

అమ్మ మీద కూడా అనుమానమే. పుల్లల్లాంటి నా కాళ్ళు చూసి గుడ్లనీళ్ళు కుక్కుకునేది. ఓబులేసన్నతో ఏదో గుసగుసలాడేది... నేను దగ్గరికి పోతే మాట మార్చేది.

దారిలో ఎదురయ్యేవాళ్ళు మరీ అబద్ధాలకోరులు. "అహోబిలం ఇంకా శానా దూరం ఉండాదా అప్పా?" అని మావాళ్ళు అడిగితే, "ఈడనే, ఆ గుట్ట దాటితే" అనేవాళ్ళు. గుట్ట దాటితే ఇంకో గుట్ట. అక్కడ ఇంకొకాయన... మళ్ళీ "ఈడనే".

అందుకే బండికి అందకుండా పరుగెత్తేదాన్ని. కాసేపటికి ఆయాసంతో కూలబడేదాన్ని. ఎద్దుల మెడలో గంటలు వినపడగానే మళ్ళీ పరుగు. అవ్వ మాత్రం వెనకాల ఎక్కడో ఒకే తీరుగా నడిచి వచ్చేది. "ఎవురితో పందెం మే నీకు?" అనేది.

రెండో రోజు మధ్యాహ్నానికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఒక చింతచెట్టు కింద ఆగి, జొన్నరొట్టెలో చెనక్కాయల ఊరిబిండి నంజుకుని తిన్నాం. నిద్ర ముంచుకొచ్చింది. కళ్ళు మూస్తే ఎత్తి బండిలో వేస్తారని నా భయం! అవ్వ కొంగు లాక్కుని నా మణికట్టుకు బిగించి పీటముడి వేశాను. నన్ను కదిలిస్తే అవ్వ కదలాలి కదా... ఆ ధైర్యంతో పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. కొంగు చేతికే ఉంది... కానీ అది జారుముడి! పైకి చూస్తే వేపచెట్టు. పక్కన ఎన్నడూ చూడని బావి. నా లంగా మడతల్లో మాత్రం చింతాకు.

"మనం యాడ పండుకున్న్యాం?" అన్నాను.

"ఈడనే" అంది అమ్మ.

ఆ 'ఈడనే' నాకు కొత్తేమీ కాదు.

"కలగన్న్యావేమో పాపా" అన్నాడు ఓబులేసన్న, ఎద్దుల వైపు చూస్తూ.

నేను ఏడుపు లంకించుకున్నాను. "నన్ను బండెక్కించినారు! నాకు మళ్ళా జరం వస్తాది!"

అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "నీ మొక్కు యాడికీ పోదు. నా మింద ఒట్టు" అంది. తర్వాత లేచి, "వక్కాకు సంచి మర్చిపోయినా, తెచ్చుకుంటా" అంటూ వచ్చిన దారినే వెనక్కి బయలుదేరింది.

ఆ సంచి అవ్వ నడుముకే వేలాడుతోంది... నేను కళ్ళారా చూశాను. ఇంకో బండి మాట్లాడటానికి పోతోందని తేల్చుకున్నాను.

పొద్దు గుంకే వేళకు తిరిగొచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము. "సంచి దొరికిందా అవ్వా?" అని ఎకసెక్కంగా అడిగాను. "దొరికిందిలే" అని కూలబడింది.

మర్నాడు అవ్వను వదల్లేదు. ప్రేమతో కాదు, కాపలాకు. తన అడుగులో అడుగు వేయబోతే కసిరింది. "నా అడుగు నా మోకాళ్ళది. నీది నువ్వు చూసుకో. ఊపిరాడేంత నడువు, ఆగొద్దు."

'గో' అని ఒక అడుగు, 'విందా' అని ఇంకో అడుగు... మాట తడబడితే నడక తగ్గించాను. ఓబులేసన్న బండి మమ్మల్ని దాటిపోయింది. పోతే పోనీ అనిపించింది. గుట్టలు లెక్కపెట్టడం మానేశాను. కొండెక్కి స్వామి ముందు నిలబడ్డాను. ఆ చింతాకు సంగతి స్వామికి తెలిసిపోయిందేమోనని మాత్రం భయపడ్డాను.

జ్వరం రాలేదు.

అవ్వ పోయిన చాన్నాళ్ళకు, చెనక్కాయలు ఒలుస్తూ అమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నం ఎండదెబ్బకు నా ఒళ్ళు కాలిపోయిందట. లేపినా లేవలేదట. చింతచెట్టు దగ్గర చుక్క నీళ్ళు లేవు, బావి మైలు దూరం. అవ్వే ముడి విప్పి నన్ను బండిలో వేయించి, తను పక్కన నడిచిందట. బావి దగ్గర దించి, తడిగుడ్డ వేసి, మళ్ళీ కొంగు కట్టిందట. నేను లేచాక చింతచెట్టు దాకా వెనక్కి పోయి, నా వంతు మైలు తాను నడిచి వచ్చిందట.

"దానికి చెప్పొద్దండి. అంతా నడిచినా అనుకుంటేనే నడుస్తాది" అందట.

అలాంటి మనిషిని 'సంచి దొరికిందా' అని ఎగతాళి చేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది...

ఇప్పుడు ప్రొద్దుటూరులో కారెక్కితే ఒక కునుకు తీసేలోగా అహోబిలం. నేను రోజుకెన్ని అడుగులు వేశానో ఈ ఫోను చెబుతుంది. దాన్ని నేను నమ్మను. ఎవరి అడుగులు ఎవరి లెక్కలో పడ్డాయో దానికేం తెలుసు?

మీ వంతు నడిచి, మీకు చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... ఎవరి మీద మీ అనుమానం?