రిలీఫ్ అడిగాక

మా బావ ఏలియా అంత మొండిఘటం ఖరగ్‌పూర్ మొత్తంలో ఇంకొకడు లేడు. మా అక్క సుజాతమ్మని చేసుకున్న నాటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మనిషి. ఆయన బండి దిగాడు గానీ రూల్సు ఆయన్ని దిగలేదు. నేను పూరీ గేట్ దగ్గర టోటో, అదే బ్యాటరీ ఆటో, నడుపుతాను. అందులో ఎక్కినా పక్కన కూర్చుని, దారిలో కనబడే ప్రతి సిగ్నలూ పైకి చదివేవాడు. ప్యాసింజర్లు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

చేపల వ్యాపారి నూకరాజు బెంగాల్ తీరాన దీఘా వైపు ఒక పాత లాంచీ కొన్నాడు. దాన్ని సముద్రం మీద కాకినాడ చేర్చాలి. డీజిల్ ఇంజిన్ చూసుకోడానికి బావని పిలిచాడు. ఒక్క ఇంజిన్‌ని నమ్ముకుని ఒడ్డు కనబడనంత దూరం రానని బావ తెగేసి చెప్పాడు. పొలాలకి నీళ్లు తోడే చిన్న ఇంజిన్ ఒకటి తెచ్చి, నిమ్‌పురాలో ఇంటి పెరట్లోనే విప్పి బిగించి, అక్క ఆరేసిన బట్టలన్నీ పొగతో నల్లగా చేశాడు. పెద్ద ఇంజిన్ చచ్చిపోతే దీన్ని బెల్టుతో, నీళ్లలో తిరిగే లాంచీ ఫ్యాను ఇరుసుకి తగిలిస్తాడట. నత్తలా నడుస్తుంది గానీ ఇల్లు చేరుస్తుంది అన్నాడు. తోడు వెళ్లమని అక్క నా ప్రాణం తీస్తే నేనూ బయల్దేరాను. నీళ్లంటే నాకు చచ్చేంత భయం.

మర్నాడు మధ్యాహ్నం, ఎటు చూసినా ఒడ్డు లేని చోట, పెద్ద ఇంజిన్ దగ్గి, వణికి, ఆగిపోయింది. బావ లోపలికి దిగి చూసి, డీజిల్ పంపు విరిగింది, ఇక్కడ బాగుపడదన్నాడు. నూకరాజు వైర్‌లెస్‌లో పిలిస్తే ఒక చేపల పడవ పలికింది. మేమున్న చోటు అడిగి, అక్కడికే వస్తున్నామంది. చిన్న ఇంజిన్ పెట్టు, ఎదురెళ్దాం అన్నాను నేను. బావ బెల్టు తగిలించాడు, అంతా సిద్ధం చేశాడు. తర్వాత ఇంజిన్ తిప్పే హ్యాండిల్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“రిలీఫ్ అడిగినాక బండి కదపకూడదురా శామూ. సెప్పిన సోటే ఉండాల.”

రైలు దారిలో ఆగిపోతే డ్రైవరు రిలీఫ్ అని వేరే ఇంజిన్‌ని పిలుస్తాడు. పిలిచాక తన ఇంజిన్ బాగుపడినా సరే, కదపకూడదు. వచ్చేది అదే పట్టాల మీద, చెప్పిన చోటు చూసుకుని వస్తుంది. ఎప్పుడో చలికాలం మంచులో ఎవరో కదిపితే రెండూ గుద్దుకున్నాయి. ఆ రెండు ఇంజిన్ల మధ్య నుంచి మనుషుల్ని బయటికి తీసిన వాళ్లలో బావ ఒకడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండిపోయింది. ఇక్కడ పట్టాలెక్కడున్నాయని అరిచాను. హ్యాండిల్ లాక్కోబోతే ఒక్క తోపు తోశాడు.

లంగరు వేశాం, దానికి అడుగు అందలేదు. మేం కదులుతున్నామో లేదో చెప్పడానికి చుట్టూ ఒక రాయి లేదు, స్తంభం లేదు. లోపల కూర్చుంటే డీజిల్ వాసనకి వాంతి, పైన నిలబడితే కళ్లు తిరుగుడు. దిగి పోదామంటే నీళ్లు. డబ్బాలో పెట్టి మూత బిగించినట్టుంది నాకు.

ఎండ వాలేసరికి పడమట తెల్లటి గీత కనబడింది. ఇసుక దిబ్బ మీద కెరటాలు విరుగుతున్నాయని నూకరాజు గుర్తుపట్టాడు. లంగరు ఇప్పుడు అడుగు తగిలినా ఇసుకలో ఆగడం లేదు. దాని మీదికి పోతే లాంచీ ముక్కలే, మేమూ అంతే. సరిగ్గా అప్పుడే వైర్‌లెస్ పలికింది. చెప్పిన చోటికి వచ్చాం, మీరెక్కడ అని అడుగుతున్నారు.

మనం ఆగే ఉన్నాం గదా అని బావ గొణిగాడు.

“మనం ఆగినాం బావా. పట్టాలే కొట్టుకొచ్చేసినాయి.”

ఆయన లేచి హ్యాండిల్ ఇంజిన్‌కి తగిలించాడు. కానీ తిప్పలేదు.

“ముందు ఆళ్లకి సెప్పండి. కదుల్తన్నాం, ఏ పక్కకి పోతన్నామో సెప్పండి. ఇన్నామని ఆళ్లన్నాకే తిప్పుతాను.”

కెరటాల హోరు వినబడేంత దగ్గరికి వచ్చేశాం. నూకరాజు చెప్పిందే చెబుతున్నాడు, అవతల గరగర తప్ప ఏమీ లేదు. నేను ప్రార్థన చేశాను. ఆ ప్రార్థనలోనే బావని బండబూతులు తిట్టాను. చివరికి అటు నుంచి “ఠీక్ హై దాదా” అని వచ్చింది.

బావ తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. చాలాసేపు ఆ తెల్లటి గీత దగ్గరా కాలేదు, దూరమూ కాలేదు. ఇంతలో జోరుగా వాన పట్టింది, చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. ఆ వానలోంచి చేపల పడవ ముక్కు సరిగ్గా మా ఎదురుగా బయటపడింది. మేం ఎదురొస్తున్నామని తెలుసు గనక మెల్లగా, హారన్ కొట్టుకుంటూ వస్తోంది. బావ అప్పుడు ఏడ్చాడు.

మొన్న నిమ్‌పురా దారిలో వానకి నా టోటో ఆగిపోయింది. ఫలానా చోట ఉన్నానని బావకి ఫోన్ చేస్తే, అక్కడికే వస్తున్నానన్నాడు. ఆ తర్వాత తీగ ఒకటి సర్దితే బండి బతికింది. వెనక కూర్చున్న దీదీ పోదాం పోదాం అని ఒకటే గొడవ. బయల్దేరుతున్నానని చెబుదామని మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. సైకిల్ మీదున్నప్పుడు ఎత్తడు.

బండి తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.