మూడు శాఖల ప్రశ్నలు

ఆ కాలంలో మద్రాసు యూనివర్సిటీలో చరిత్ర చదివేవాడికి తెలుగు శాఖ గుమ్మం తొక్కే పని ఉండేది కాదు. అర్థశాస్త్రం వాళ్ళైతే ఎవరితోనూ కలిసేవారే కాదు. అలాంటిది పెద్ద యుద్ధానికి ముందు ఒక ఏడాది, ఎవరికి తోచిందో ఏమో, మూడు శాఖలూ కలిసి ఒకే పరిశోధన చేయించాలని తీర్మానించాయి. విషయం ధర్మవరం నేతపని, చేసేవాణ్ణి నేను. (హిందూపురంలో మా నాయనకు మగ్గం ఉండటమే నా అర్హత.) నివేదిక ముగ్గురు ప్రొఫెసర్లకూ నచ్చితే మద్రాసులో ట్యూటరు ఉద్యోగం, నచ్చకపోతే మళ్ళీ నాయన మగ్గం గుంటలోకే.

చరిత్ర ప్రొఫెసరు "కుటుంబం ఎక్కణ్ణుంచి వచ్చింది, పెనుకొండ వైపు చుట్టాలున్నారా, అడుగు" అన్నారు. అర్థశాస్త్రం ఆయన "మగ్గాలెన్ని, ఇల్లు సొంతమా" అని అడగమన్నారు. తెలుగు ఆయన "ఆడవాళ్ళు పాడతారేమో కనుక్కుని, పాడించుకుని రాసుకో" అన్నారు. ఎవరి ప్రశ్నలు వారివి సబబుగానే ఉన్నాయి. మూడూ కలిపి ఒకే కుర్రవాడు అడిగితే ఏమవుతుందో ఏ శాఖకూ తట్టలేదు. నాకసలు తట్టలేదు.

ధర్మవరంలో నాయనకు తెలిసిన ఒక నేతగాడి ఇంటికి తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాను. పెద్దాయన మగ్గం ఆపి చాప పరిచాడు. ప్రశ్న ప్రశ్నకూ ఆయన ముఖం వెలుగుతుంటే, పరిశోధన మీద జనానికి ఇంత ప్రీతా అని పొంగిపోయాను. పాటల సంగతి ఎత్తగానే లోపల గాజుల చప్పుడు, గుసగుసలు. కాసేపటికి ఆయన కూతురు పట్టుచీరతో, తలనిండా కనకాంబరాలతో వచ్చి, ముఖం కనబడకుండా తల వంచుకుని కూర్చుంది. (పనిరోజున ఈ ముస్తాబేమిటో నాకు అంతుబట్టలేదు.)

"పాడు పాపా, భయమేల?" అన్నాడు పెద్దాయన.

ఆ అమ్మాయి వణికే గొంతుతో పాడింది. నేను తలెత్తితే ఒట్టు, రాసుకుంటూనే ఉన్నాను. లేస్తుంటే ఆయన, "మళ్ళా ఎప్పుడు తెలుస్తాదప్పా?" అన్నాడు.

"మద్రాసులో పెద్దోళ్ళు ముగ్గురూ ఒప్పుకోవాల," అన్నాను.

మద్రాసులో నా నివేదిక చూసి ఇది చరిత్ర కాదని ఒకరు, అర్థశాస్త్రం కాదని ఇంకొకరు తేల్చారు. తెలుగు ప్రొఫెసరు మాత్రం ఆ పాటలో ఒక చరణం చూసి, "ఎక్కడా దొరకని పాఠాంతరం" అని మురిసిపోయి, మిగతాదంతా తిరగ్గొట్టారు. ఉద్యోగం పోయింది. ఏం తప్పు చేశానో తెలియకుండానే ఇంటికి చేరాను.

చేరేసరికి ధర్మవరం పెద్దాయన మా అరుగు మీద నాయన పక్కన కూర్చుని ఉన్నాడు.

"పెద్దోళ్ళు ఏమన్నారప్పా?"

"ఒప్పుకోలేదు."

ఆయన ముఖం వాడిపోయింది. "మా పాపకేం తక్కువయిందప్పా?" అన్నాడు మెల్లగా.

నేను నాయన వైపు చూశాను. "చుట్టాలు యాడుండారు, ఇల్లు సొంతమా, పాప పాడుతుందా అని అడిగినావంట. దాన్ని పెళ్ళిచూపులు అనక ఇంకేమంటార్రా?" అన్నాడు నాయన.

అప్పటికి గాని కనకాంబరాల అర్థం నాకు తెలియలేదు. ఊరందరికీ తెలిసిన సంబంధం తప్పిపోతే ఆ పిల్ల ఎంత నొచ్చుకుంటుందోనని గుండె కలుక్కుమంది. "పాపకేం తక్కువ లేదు. వాళ్ళు ఒప్పుకోకపోతే పోనీ, నేను ఒప్పుకుంటాండా," అనేశాను. (ముఖం ఇంకా చూడనే లేదు.)

పెళ్ళయిన కొత్తలో ఆ అపూర్వమైన చరణం మళ్ళీ పాడమని అడిగాను. నా భార్య నవ్వు ఆపుకోలేక, "అదా? భయానికి పాట మరిచిపోయి నోటికొచ్చింది పాడినా. మీరేమో దాన్ని గూడా రాసుకుంటిరి," అంది.

ఆ పాఠాంతరం మద్రాసులో ఏ బీరువాలోనో భద్రంగా ఉండే ఉంటుంది. తల వంచుకుని దాన్ని రాసుకుంటున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, ఒక్కసారి తలెత్తి చూడరా అబ్బీ అని ఇప్పటికీ చెప్పాలనిపిస్తుంది.