మామ మైకులో నా గొంతు

ఒక పెద్దమనిషి జీవితంలో ఒకే ఒక్క ఉపన్యాసం ఇవ్వబోతుంటే, దాన్ని రెండు దేగుల బిర్యానీ కింద పాతిపెట్టిన అల్లుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఫలక్‌నుమా వచ్చి ఎవరినైనా అడగండి, నవ్వుకుంటూ మా ఇల్లు చూపిస్తారు. కానీ ఒక్క మాట ముందే చెబుతున్నాను. తప్పు నాది కాదు, ఆంప్లిఫయర్‌ది. ఈ సంగతి ఎంత మొత్తుకున్నా మా బస్తీలో ఒక్కరూ వినిపించుకోరు. సైన్సంటే ఇంత చులకనైతే ఇక దేశం ఎలా బాగుపడుతుంది?

నాకో ట్రాలీ ఆటో ఉంది. టెంటు హౌసు వాళ్ల కుర్చీలు, వంట సామాన్లు మోస్తుంటాను. బడి చదువు పదిలోనే ఆగింది కానీ నేను ఆగలేదు. కిరాయి లేనప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చుని చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. తేనెటీగల పెంపకం మీద నన్ను మించినవాడు పాతబస్తీలో లేడు, తేనెటీగ ఒక్కటీ లేకపోయినా. అలా దొరికిందే, బండిలో పెట్టుకునే సీబీ రేడియో పుస్తకం. సీబీ అంటే మామూలు జనం మాట్లాడుకోవడానికి వదిలేసిన రేడియో. బండిలో ఒక పెట్టె, పెట్టెకు చుట్టలు తిరిగిన తీగ, తీగ చివర చేతిమైకు. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. లైసెన్సు అక్కర్లేదు, సిమ్ము అక్కర్లేదు, రీచార్జి అంతకన్నా అక్కర్లేదు. ఆ పేజీ చదివాక నాకు అన్నం సయించలేదు.

కార్వాన్‌లో పాత సామాన్ల భాయ్‌ను వేధించి వేధించి ఒక జత సంపాదించాను. ఒకటి నా బండిలో, రెండోది నా దోస్తు జహంగీర్ బండిలో. వాడికీ ట్రాలీ ఆటోనే.

“ఫోన్ ఉండంగ గీ డబ్బా ఎందుకు భాయ్?” అన్నాడు.

“ఫోన్‌ల హలో హలో అనుడే సరిపోతది. దీంట్ల పద్ధతి ఉంటది. మాట్లాడినంక ఆఖర్ల ‘ఓవర్’ అనాలె.”

“గదెందుకు?”

“నీ మాట అయిపోయిందని నాకు తెలియాలె కద.”

“నేను నోరు మూసుకుంటే తెల్వదా?”

ఇదండీ నా శిష్యుడు! ఒక్కనాడు ఓవర్ అన్న పాపాన పోలేదు. ఇక బండి మీద నిలబెట్టిన పొడవాటి ఏంటెన్నాను చూసి బస్తీ మొత్తం నామీద పడింది. “గాలం ఏసుకోని తిరుగుతున్నవ్, మూసీల చేపలు పడుతున్నయా అన్నా?” అని ఒకడు. మా ఆవిడ కవిత పరాయిదేం కాదు కదా, ఆమైనా సమర్థించిందా? “అందరి మొగోళ్లు బండికి నిమ్మకాయ కట్టుకుంటరు, మా ఆయన కట్టెపుల్ల పెట్టుకున్నడు” అంది.

సరే, అసలు కథకు వస్తాను. మా మామ మల్లేశం రైల్వేలో గేట్‌మన్. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన పని గేటు వేయడం, తిట్లు తినడం. గేటు వేస్తే ఎందుకు వేశావని తిట్టారు, తీస్తే ఇంతసేపా అని తిట్టారు. తిరిగి ఒక్క మాట అంటే పైకి ఫిర్యాదు పోతుందని నోరు మెదపలేదు. రిటైరయ్యే రోజుకని ఒకే ఒక్క కోరిక కోరాడు. మైకు పట్టుకుని మాట్లాడాలి, జనం కదలకుండా వినాలి. నెలరోజుల ముందు నుంచే అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాడని మా అత్త చెప్పింది.

విందు ఏర్పాటు నాకు అప్పగిస్తూ, “అల్లుడా, తిండి టైముకు రావాలె, నా మాట జనం ఇనాలె. గంతే. నీ పుస్తకాల తెలివి మాత్రం ఆ దినం ఇంట్ల పెట్టి తాళమేసి రా” అన్నాడు.

చదువుకున్న మనిషిని అనే మాటేనా ఇది? తాళం వేయకపోగా రేడియోతోనే విందు నడిపించి చూపిస్తానని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

బిర్యానీ చాంద్రాయణగుట్టలో వండిస్తున్నాం. జహంగీర్ ఆ దేగులు, అంటే బిర్యానీ గుండిగలు, ఎక్కించుకుని రావాలి. నేను మా సందులో వేసిన విందు పందిరి వెనకాల, నీడ చూసుకుని, మైకు సెట్టు పక్కనే బండి ఆపాను. నా ఏంటెన్నా వాళ్ల తీగల మీదికి వాలినా ఏం పట్టించుకోలేదు. అటుపక్క జనరేటర్ దడదడమంటోంది కాబట్టి అద్దాలన్నీ బిగించుకుని బటన్ నొక్కాను. ఆంప్లిఫయర్ దగ్గర ఆ బటన్ నొక్కితే మన గొంతు నాసిరకం సెట్లలోకి దూరిపోతుందని పుస్తకంలో ఉంది. చదివాను కూడా. అది విదేశీ ఆంప్లిఫయర్ల సంగతి అనుకున్నాను. మీరైనా అదే అనుకునేవారు.

“జహంగీర్, ఎక్కడున్నవ్? ఓవర్.”

“ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్న భాయ్. ముంగట బస్సు, ఎనక లారీ.”

విన్న సందేశాన్ని తిరిగి చెప్పి ధ్రువపరుచుకోవాలని పుస్తకంలో నియమం. నేను నియమం తప్పే మనిషిని కాదు. “బిర్యానీ ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నది. ముందు బస్సు, వెనక లారీ. ఫికర్ చెయ్యకు, ఇక్కడ రైల్వే ఆఫీసర్ సారు మాట్లాడుతున్నడు. ఆయన షురూ జేస్తే ఇప్పట్ల ఆపడు. ఓవర్.”

జహంగీర్ గొంతు దూరం నుంచి వస్తోంది కాబట్టి నా పెట్టెలోనే వినబడింది. నా గొంతు మాత్రం పందిట్లోని స్పీకర్లన్నింటిలోంచీ ఆకాశవాణిలా పలికిందట. ఇదంతా కవిత తర్వాత చెప్పింది. జనం పగలబడి నవ్వారట, ఆఫీసర్ గారు మల్లేశం నిజాయితీ గురించి చెబుతున్న వాక్యం సగంలో వదిలేసి కూర్చున్నారట.

అప్పుడు మామ లేచాడు. కొత్త తెల్లచొక్కా, మెడలో దండ. మైకు పట్టుకుని, “అందరికి నమస్కారం. నేను గేటు కాడ నిలవడి...” అన్నాడో లేదో, స్పీకర్లలోంచి నేను: “బస్సు కదిలిందా? మంచిది. మటన్ దేగు చిన్నది, చికెన్ దేగు పెద్దది. విన్న. ముందు కూసున్నోళ్లకే మటన్ సరిపోతది. ధ్రువపరుస్తున్న, ముందు కూసున్నోళ్లకే మటన్. ఓవర్.”

ఇలాంటి సమాచారం విన్నాక మన జనం కుర్చీల్లో ఉంటారా? ఆఫీసర్ గారితో సహా పందిరంతా లేచి భోజనాల బల్లల మీదికి దండయాత్ర చేసింది. ఆంప్లిఫయర్ ఆపాల్సిన మైకు సెట్టు మనిషే అందరికన్నా ముందు కూర్చున్నాడు! జహంగీర్ బండి సందులోకి తిరిగేసరికి ఈలలు, చప్పట్లు. పెళ్లికొడుక్కి కూడా మా బస్తీలో అంత స్వాగతం దొరకలేదు. ఖాళీ కుర్చీల ముందు, దండతో, మైకుతో, మామ ఒక్కడే మిగిలాడు.

నా బండి అద్దం దబదబా మోగింది. కవిత.

“నీ నోరు పడిపోను, బయటికి రా! నీ లొల్లంతా మైకుల ఇనొస్తున్నది!”

“అసాధ్యం. నాది వేరే ఫ్రీక్వెన్సీ.”

“ఫ్రీక్వెన్సీ లేదు, ఏం లేదు. మా నాయిన మొకం చూడు పో!”

చూశాను. తిడితే బాగుండేది. తిట్టలేదు. గేటు దగ్గర అన్నేళ్లు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి ఉన్నాడు.

“మామా, ఇది ఆంప్లిఫయర్ తప్పు...” అని మొదలుపెట్టాను.

“ఏది నొక్కినవ్?” అన్నాడు.

చూపించాను. నన్ను పక్కకు నెట్టి, దండతోనే నా సీట్లో కూర్చుని, చేతిమైకు అందుకుని బటన్ నొక్కాడు. అసలు మైకు కన్నా నా రేడియో మైకుతోనే స్పీకర్లలో గొంతు బిగ్గరగా వచ్చిందండీ. ఇది కూడా ఎవరూ మెచ్చుకోలేదు.

“ఇనుండ్రి. నేను మల్లేశాన్ని. మీ ముంగట బిర్యానీ ఉన్నది, ఇగ మీరు యాడికి పోలేరు. గేటు ఏసినప్పుడల్ల నన్ను తిట్టినోళ్లు గీ బంతిల సగం మంది ఉన్నరు. ఎవలు ఏం తిట్టిండ్రో అంతా యాదికున్నది. కని ఎవడెంత తిట్టినా రైలు పోయేదాక గేటు తియ్యలే. తియ్యలే గనకనే ఇయ్యాల అందరు కూసోని మంచిగ తింటున్నరు.”

బల్లల దగ్గర చేతులు పళ్లేల్లోనే ఆగిపోయాయి. దేగు మీద గరిటె చప్పుడు కూడా లేదు. ఆయన తాపీగా, సాధన చేసినదంతా చెప్పాడు. చివర్లో ఆఫీసర్ గారికి, వంట మాస్టర్‌కి, జహంగీర్‌కి, ఆఖరికి ఆ పనికిమాలిన ఆంప్లిఫయర్ మనిషికి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు రాలేదు. చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. రాలేదు.

“మాట అయిపోయింది,” అన్నాడు మామ. “ఓవర్.”

బల్లల దగ్గర చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన మైకు నా చేతికి ఇవ్వలేదు. మర్నాడు పెట్టె, తీగ, ఏంటెన్నా అన్నీ విప్పించుకుని తన ఇంటి ముందు బిగించుకున్నాడు. ఇప్పుడు రోజూ జహంగీర్‌తో ముచ్చట్లు. వాడు, నాకు ఒక్కనాడు ఓవర్ అనని ఆ వెధవ, “జీ మామూ, ఓవర్!” అంటున్నాడు, అదీ ప్రతి మాటకూ.

కాబట్టి లోకం సాక్షిగా, గ్రంథాలయంలోని పుస్తకాలన్నింటి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఆంప్లిఫయర్ ఉన్న చోట ఈ జన్మలో మళ్లీ ఆ బటన్ నొక్కను. నొక్కుతానన్నా, ఆ పెట్టె ఉన్న తన ఇంటి గడప మా మామ నన్ను తొక్కనిస్తే కదా!