జనరేటర్‌కు అడ్డుపడ్డ పసుపు

ఈ రోజు మా కారవాన్ జనరేటర్ మొరాయించింది. సౌదీలోని ఖఫ్జీ ఊరు దాటి ఎడారిలో ఆగి, అమ్మ కరెంటు కుక్కర్‌లో బియ్యం కడిగి పోశాక నాన్న స్విచ్ నొక్కారు. టక్కుమంది, అంతే. లైట్లు వెలుగుతున్నాయి, ఇంజన్ మాత్రం తిరగడం లేదు. అరగంటలో బాగుపడకపోతే ఇంటికి వెళ్లిపోదామన్నారు నాన్న. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

నేను మాన్యువల్ బిగ్గరగా చదువుతుంటే, మాతో వచ్చిన జగిత్యాల మెకానిక్ రాజన్న జనరేటర్ బ్యాటరీ క్లాంపు విప్పాడు.

"సార్, గీ బ్యాటరీ ఎవలు బిగిచ్చిన్రు?"

"నేనే. ఎండాకాలమంతా ఇంట్లో పెట్టి, నిన్న బిగించాను."

"మరి గీ పసుపు ఎవలు పెట్టిన్రు? క్లాంపు కింద గట్టిపడ్డది. లైట్లకు సాలుతది గని, ఇంజన్ తిప్పెటందుకు కరెంటు సాల్తలేదు."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. దసరాకు పనిముట్లన్నింటికీ పసుపూ కుంకుమా పెట్టమంది ఆవిడే. బ్యాటరీ మీద వైర్లు తగిలించే రెండు కొమ్ముల్లో ఒకదానికి పెట్టి రెండోదాన్ని చిన్నబుచ్చడం దేనికని, రెండింటికీ చిక్కగా పట్టించింది మాత్రం నేనే.

రాజన్న గీకి బిగించగానే ఇంజన్ తిరిగింది, అన్నం ఉడికింది.

"దండం పెట్టు బిడ్డా, గని జర దూరంకెల్లి పెట్టు," అన్నాడు రాజన్న వడ్డించుకుంటూ.

అంతా బాగానే ఉంది. కానీ దసరా నుంచీ పనిచేయని డ్రిల్లు మిషన్‌ను నాన్న రేపు పారేస్తానంటున్నారు. దాని బ్యాటరీ సంగతి ఇప్పుడే చెప్పెయ్యనా? మీరైతే ఏం చేస్తారు?