లాభం తరువాత రెండు

మా పంతులు పోయాడని లింగాల నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. నాలుగు రోజులు జ్వరమట. "మీ ఊళ్లె చదువు చెప్పినాయనే" అన్నాడు. నేను ఎద్దుకు నీళ్లు పెడుతూ విన్నాను. పెట్టడం ఆపలేదు.

నాకు రాత అంతంత మాత్రం. ఉన్న నాలుగు అక్షరాలు యాభై దాటాక ఆయన దగ్గర నేర్చుకున్నవే. అందుకని ఆయన గురించి నేనే రాయాలి. పొగడటం నాకు చేతకాదు, జరిగింది చెబుతాను.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ చింతగింజలు ఉండేవి. ఎవరితో మాట్లాడుతున్నా వాటిని నేల మీద వరసలు పేర్చేవాడు. మాట అయిపోగానే ఏరుకుని లేచేవాడు. ఒక్క గింజ వదిలేవాడు కాదు.

ఒక ఏడాది బడులన్నిటికీ పైనుంచి హుకుం వచ్చింది. లెక్కల పాఠాలతో పిల్లలకు ఏమొచ్చిందో చూసి, ఏది ఉంచాలో ఏది మార్చాలో రాసి పంపాలట. చుట్టుపక్కల పంతుళ్లు ఎక్కాలు అప్పజెప్పించుకుని, అంతా బాగుందని పంపేశారు. మా పంతులు నా దగ్గరికి కళ్లానికి వచ్చాడు. ఊళ్లో కుంచంతో జొన్నలు కొలిచేది నేనే.

"పెద్దయ్యా, మా పిల్లల లెక్క నువ్వు చూడాలె."

"నాకు రెండో ఎక్కమే రాదు. నేనేం చూస్త?"

"ఎక్కాలు నేను చూసిన. లెక్క వచ్చిందా అని పిల్లల్ని అడిగితే వచ్చిందనే అంటరు. గింజల్ని అడగాలె."

మరునాడు పన్నెండు మందిని తోలుకొచ్చాడు. నేను పది కుంచాల జొన్నలు కుప్ప పోశాను, ఎన్నో చెప్పలేదు. మా దగ్గర కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనం, లాభం అంటాం. ఆ తరువాత రెండు, మూడు. పిల్లలు ఒక్కొక్కరే కొలిచారు. లాభం, ఒకటి, రెండు అంటూ పోయారు. అందరికీ తొమ్మిదే వచ్చాయి.

"ఎవరు నేర్పిన్రు గిది?" అన్నాను.

"పంతులే," అంది ఒక పిల్ల. "మా ఇంట్ల లాభం అయినంక రెండే అంటరు. గట్లంటే బడిల తప్పు పెట్టిండు."

పంతులు గద్వాలలో పెరిగిన మనిషి, కళ్లం ఎరగడు. "కొలిచే ముందు దేవుని తలుచుకునే మాట అనుకున్న, పెద్దయ్యా" అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. "ఇరవై ఎక్కాల పంతులుకు ఒకటి యాడుందో తెల్వదు" అన్నాను, పిల్లల ముందే. ఆయన కుప్ప ముందు కూర్చుని, తానే మొదటి నుంచి కొలిచాడు.

సాయంత్రం కాగితం తెచ్చి చదివి వినిపించాడు. పిల్లలకు ఇంట్లో వచ్చిన లెక్కను తానే చెడగొట్టానని, కళ్లం చూడని పంతులు కొలతల పాఠం చెప్పొద్దని రాశాడు.

"గిది పంపితే నౌకరి పోతది" అన్నాను.

"పంపకుంటే పన్నెండిండ్ల గింజలు తక్కువ లెక్కకొస్తయి."

పంపాడు. మరుసటి ఏడు కొలతల పాఠం మారింది. పిల్లల్ని కళ్లానికి తీసుకుపోయి చెప్పాలని బడులన్నిటికీ రాసి వచ్చింది. వెంటనే ఆయన్ను అమ్రాబాద్ అడవి వైపు వేశారు. నౌకరి పోలేదు, ఊరు పోయింది.

వెళ్లే రోజు నా కుంచం అడిగాడు. "ఇయ్యను" అన్నాను. బండి కదిలాక పరుగున తెచ్చి లోపల పెట్టాను. నవ్వినందుకు తప్పయిందన్న మాట మాత్రం నా నోట రాలేదు. తరువాత ఆయన లింగాలకు మారాడని విన్నాను. పోదాం పోదాం అనుకుంటూనే ఉండిపోయాను.

ఆయన చనిపోయిన పదో రోజున లింగాలకు వెళ్లాను. ఆయన బడికి కొత్త పంతులు ఇంకా రాలేదు. పిల్లలు మాత్రం వచ్చి కూర్చున్నారు. మూలన ఇసుక కుప్ప, పక్కన నా కుంచం. అంచు బాగా అరిగింది. ఒక పిల్ల కుంచం నింపి బోర్లించింది.

"లాభం" అంది.

నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల మళ్లీ నింపింది. అరచేత్తో అంచు చదును చేసి, మెల్లగా పోసింది.

"రెండు" అంది.