అస్తరు వైపు

ఒకసారి గుబురు మీసాల ఆఫీసరొకడు కొత్త కోటు బల్ల మీద విసిరికొట్టి, గుడ్డ మిగుల్చుకుని పొట్ట దగ్గర బిగుతుగా కుట్టారంటూ దర్జీ మాస్టారి మీద విరుచుకుపడ్డాడు. ఎవరి గుడ్డ ముక్కలు వాళ్లవిగా మూటగట్టి, బట్ట నచ్చిందనేదాకా దాచడం మాస్టారి అలవాటు. ఆ మూట విప్పి కోటు చుట్టూ ముక్కలన్నీ పరిచారు. వేలెడు గుడ్డ తగ్గలేదు.

"కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చారు బాబూ. అలాగే పీల్చుకుని తిరగండి, సరిపోతుంది" అన్నారు.

ముప్ఫై ఏళ్లుగా ఆ కొట్లో బొత్తాలకు కాజాలు కుట్టేది నేనే. నవ్వాపుకోలేక ఆ రోజు సూది వేల్లో గుచ్చుకున్నాను.

అలాంటి మనిషి ఈ వానలకు ముందు ఒక పొద్దున సుద్ద పట్టుకుని గుడ్డ ముందు నిలబడి, మధ్యాహ్నం దాకా ఒక్క గీత గియ్యలేదు. తిండి తగ్గింది. అడిగితే గుండెల మీద బండ పెట్టినట్టుందన్నారు. ఆయన కొడుకు, తండ్రికి చూపు మందగించిందనుకుని కళ్లజోడు మార్పించాడు. బాధ కళ్లది కాదు, మనసుదని నేనంటే, డెబ్భై దాటాక హుషారెక్కణ్ణించి వస్తుంది అత్తా అన్నాడు. చివరికి నా పోరు పడలేక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

అక్కడే మా పనివాళ్ల బుద్ధి కొంప ముంచింది. కుట్టులో లోపముంటే మేం దాన్ని లోపలి గుడ్డ, అస్తరు వైపుకు తిప్పేస్తాం, పైకి కనపడనివ్వం. మాస్టారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ కోటు తొడుక్కుని వెళ్లి, డాక్టరు చొక్కా భుజం జారిందని ఆయన్నే నవ్వించి వచ్చారు. డాక్టరు రక్తపోటు చూసి, ఈ వయసులో నిద్ర తగ్గడం మామూలేనంటూ బలం మాత్రలు రాశాడు. కొడుకు పక్క కుర్చీలోనే ఉన్నాడు. నిజం చెబితే కొట్టు మూయిస్తాడని మాస్టారి భయం.

పోయిన వారం ఒక మధ్యాహ్నం పెద్ద కత్తెరను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఎవర్నీ ముట్టుకోనివ్వని కత్తెర అది.

"ఏం, దానికి చలేస్తోందా మాస్టారూ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నీ దగ్గరుంచు చెల్లెమ్మా. దాంతో ఒక్కణ్ణే ఉండాలంటే భయమేస్తోంది."

కత్తెర మా ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. అప్పట్నించి కొట్టు తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకున్నా గుండె జారిపోతోంది. కాజా కుడుతూ కుడుతూ ఆయన్ని పిలిచి దారం రంగు అడుగుతున్నాను. ఏ దారమో నాకు తెలుసు. ఆయన పలికితే చాలు.

నిన్న అలాగే పిలిస్తే, రంగు చెప్పకుండా వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు. రేపు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని, నన్ను కూడా రమ్మని అన్నారు.

"అబ్బాయిని బయట కూర్చోబెట్టు. లోపలికెళ్తే నేను మళ్లీ నవ్వేస్తాను, నా వల్ల కాదు. నేను నోరు తెరవకముందే కత్తెర సంగతి నువ్వు చెప్పెయ్. అబద్ధమని నేను నిన్ను తిట్టినా సరే, కుర్చీలోంచి లేవకు."