ఆ ‘ఆయ్’ నాకు కాదట

మూడేళ్ల క్రితం అమలాపురంలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. మా రాజా మనుషులకు తోక ఊపుతాడు గానీ, ఇంకో కుక్క కనబడితే వాడికి పూనకమే. కింది ఫ్లాటు సత్యవతిగారికేమో బుజ్జి అనే పిల్లిపిల్లంత పొమెరేనియన్ కుక్క. లిఫ్టు లేదు, ఉన్నది ఒకటే మెట్లదారి. అందుకని ఒప్పందం చేసుకున్నాం. నేను పైనుంచి ‘‘దిగుతున్నామండీ’’ అని కేకేస్తాను. ఆవిడ ‘‘ఆయ్’’ అంటే బుజ్జిని లోపల పెట్టి తలుపు వేసినట్టు.

ఒకరోజు పొద్దున్నే కేకేశాను. ‘‘ఆయ్’’ అని వినబడింది. ధీమాగా దిగాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆవిడ, చంకలో బుజ్జి, చెవి దగ్గర ఫోను. రాజా ఒక్క ఉరుకు ఉరికాడు. గొలుసు నా అరచేతిని కోసేసింది. మెట్ల మీద చతికిలబడి, వాడి మెడ కావిలించుకుని ఆపాను. బుజ్జి ఆవిడ నెత్తికెక్కేసింది.

‘‘ఆయ్ అన్నారు కదండీ’’ అన్నాను రొప్పుతూ.

‘‘అది మీకు కాదండి. ఫోన్లో మా వియ్యపురాలికండి’’ అన్నారావిడ, బుజ్జిని నెత్తిమీంచి దించుకుంటూనే ఎంతో మర్యాదగా.

మా కోనసీమలో ‘అలాగేనండి’ అన్నట్టుగా ఆ మాట ఎవరికైనా, దేనికైనా అంటారని నాకు తెలియనిదా? తెలిసీ నమ్మాను. ఆ రోజు నుంచి మూతికి చిక్కం కట్టనిదే రాజాను గడప దాటనివ్వలేదు.

ఆవిడను మాత్రం అప్పుడే, ఆ మెట్ల మీదే, ‘‘ఇకమీదట ఆయ్ అనకండి, తలుపేసేనని చెప్పండి’’ అని రాజా మెడ వదలకుండానే బతిమాలాను.

ఆవిడ తల ఊపి, ‘‘ఆయ్’’ అన్నారు.